పాపకు డస్ట్ అలర్జీ, పిల్లికూతలు. కుందేలు కావాలని ఒకటే పట్టు. ఏం చేయమంటారు?

సత్యనారాయణపురం_అమ్మ | జనవరి 19, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా పాపకు తొమ్మిదేళ్లు. నాలుగో ఏట నుంచి పొద్దున్నే తుమ్ములు, చలి మొదలైతే పిల్లికూతలు. డాక్టర్ గారు రాసిన ఇన్‌హేలర్ స్పేసర్‌తో వాడుతున్నాం. ఈ ఏడాది నెబ్యులైజర్ అవసరం పడలేదు, అందుకే కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

సంక్రాంతికి తెనాలి దగ్గర మా అక్క వాళ్ల ఊరు వెళ్లాం. పక్కింట్లో కుందేళ్లు పెంచుతున్నారు. మూడు రోజులూ పాప మకాం అక్కడే. భోగి నాడు ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని గంటసేపు కూర్చుంది. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి రెప్పలు ఉబ్బాయి, మోచేతుల దాకా సన్న దద్దుర్లు. సెట్రిజిన్ వేస్తే రాత్రికి తగ్గింది. తగ్గిన మరుక్షణం నుంచి "అమ్మా, కుందేలు" అనే మాట తప్ప వేరే మాట లేదు.

ఒక పెట్ షాపులో అడిగితే పొట్టి బొచ్చు జాతి తీసుకోండి, వాటికి అలర్జీ రాదు అన్నారు. నిజమేనా? కుందేలు కాకపోతే గినీ పిగ్, హామ్‌స్టర్ లాంటి ఎలుక జాతి చిన్న జంతువులు ఏమైనా నప్పుతాయా? మా ఆయన అసలు వద్దంటున్నారు. మా అత్తగారు మాత్రం పిల్లదాని ముఖం చూసి కరిగిపోతున్నారు.

గన్నవరం_పశువైద్యం | జనవరి 19, రాత్రి 10:31

మేడమ్, నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను, ఇప్పుడు ప్రాక్టీస్ చేస్తున్నాను. పొట్టి బొచ్చు మాట నమ్మకండి. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు. జంతువు లాలాజలం, చర్మం మీద రాలే పొట్టు, మూత్రం, వీటిలో ఉండే ప్రోటీన్లు. కుందేలు రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. ఆ లాలాజలం బొచ్చు మీద ఎండి, పొడిగా గాల్లో కలుస్తుంది. అసలు బొచ్చే లేని గినీ పిగ్ జాతి ఒకటుంది, దానితోనూ అలర్జీ వస్తుంది. తెల్ల ఎలుకల్లో ఈ ప్రోటీన్లు ముఖ్యంగా మూత్రంలో ఉంటాయి, అందులోనూ మగ ఎలుకల్లో ఎక్కువ.

"అలర్జీ రాని జంతువు" అని ఎవరైనా అమ్మితే, అది అమ్ముకోవడానికి చెప్పే మాట.

కృష్ణలంక_రాజు | జనవరి 19, రాత్రి 10:40

బొచ్చుతోనే కదండీ బాధ. రామచిలుకను పెంచుకోండి. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఉండేది, చక్కగా మాట్లాడేది.

గన్నవరం_పశువైద్యం | జనవరి 19, రాత్రి 10:47

రాజు గారూ, రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా ఈకల పొడి, ఎండిన రెట్ట ఊపిరితిత్తులకు మంచివి కావు. ఆయాసం ఉన్న పిల్ల ఇంట్లో అసలు వద్దు.

కృష్ణలంక_రాజు | జనవరి 19, రాత్రి 10:55

ఈ సంగతి నాకు తెలియదండీ. చెప్పినందుకు థాంక్స్.

బ్రాడీపేట_గినీ | జనవరి 20, ఉదయం 6:15

మాది గుంటూరు. ఆరేళ్లుగా గినీ పిగ్స్ పెంచుతున్నాను, నాకూ అలర్జీ ఉంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. భోగి నాడు అంటున్నారు. తెల్లవారుజామున భోగిమంట పొగ, పక్కనే గడ్డివాము, పండక్కి దులిపిన అటక, అన్నీ ఒకే రోజు. ఆ కుందేళ్ల కింద ఏం పరిచారు? వరిగడ్డి అయితే ఆ దుమ్ము ఒక్కటి చాలు కళ్లు ఉబ్బడానికి. నా సంగతే తీసుకోండి. రెండేళ్లపాటు గినీ పిగ్స్ వల్లే తుమ్ములు అనుకున్నాను. చివరికి చూస్తే గూట్లో పరిచే రంపపు పొట్టు. అది మానేసి పాత కాటన్ దుప్పట్లు మడిచి వేయడం మొదలుపెట్టాక ముప్పాతిక వంతు తగ్గింది. ఆ మిగిలిన పావు వంతు మాత్రం వాటిదే. దానికి ముక్కు స్ప్రే వాడుతున్నాను.

సింగ్‌నగర్_వాణి | జనవరి 20, మధ్యాహ్నం 2:20

ఈ థ్రెడ్ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో నడుము పైదాకా నీళ్లు. మా రెండు కుందేళ్లను గంపలో పెట్టి డాబా మీదికి తీసుకెళ్లి, నాలుగు రోజులు వాటితో పాటే పైన ఉన్నాం. మాకు దొరికిన క్యారెట్లు, క్యాబేజీ ఆకులు వాటికి పెట్టాం. నీళ్లు తీశాక కిందికి దిగాం. నెల తిరక్కుండా మా బాబుకు రాత్రిళ్లు దగ్గు, తుమ్ములు, ఆయాసం. చుట్టాలందరూ కుందేళ్లే కారణం అన్నారు. మేమూ అనుకున్నాం. నూజివీడు వైపు తోట ఉన్న తెలిసినవాళ్లకు ఇచ్చేశాం. బాబు రెండు రోజులు అన్నం తినలేదు.

దగ్గు తగ్గలేదు. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లగా బూజు. పరుపు కింద చెక్కకు కూడా. వరద నీళ్లు పీల్చుకున్న గోడ లోపల ఆరనే లేదు. ప్లాస్టర్ కొట్టించి, పరుపు పారేసి, మళ్లీ సున్నం వేయించాక బాబు నిద్రపోయాడు. కుందేళ్లను తిరిగి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అక్కడ అవి బాగానే ఉన్నాయి, ఫోటోలు పంపిస్తుంటారు. కానీ తెలుసుకోకుండా వాటిని ఇంటి నుంచి పంపాను అన్న బాధ నాకు ఇంకా ఉంది.

మీరు తెచ్చుకోక ముందే ఆలోచిస్తున్నారు. చాలా మంచి పని చేస్తున్నారండీ.

గుంటూరు_నర్సక్క | జనవరి 20, రాత్రి 8:05

వాణి గారూ, మీ మాట చదివి మనసు కలుక్కుమంది. అయితే చదివేవాళ్ల కోసం ఒక విషయం చెప్పాలి. జంతువును పంపేసిన వారానికీ అలర్జీ తగ్గకపోతే అది జంతువు వల్ల కాదు అని తేల్చేయకూడదు. పిల్లి ప్రోటీన్ అయితే పరుపుల్లో, సోఫాల్లో నెలల తరబడి ఉంటుంది. మీ ఇంట్లో బూజు కంటికి కనిపించింది, బాగు చేశాక తగ్గింది కాబట్టి తెలిసింది.

సత్యనారాయణపురం మేడమ్, నేను పన్నెండేళ్లుగా అలర్జీ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. ఊహించుకోవడం మానేసి స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయించండి. ముంజేతి లోపలి వైపు అనుమానం ఉన్న ఒక్కో పదార్థం ద్రావణం చుక్కలుగా పెట్టి, ఒక్కో చుక్క మీద సన్నగా గుచ్చుతారు. ఇంజెక్షన్ కాదు, రక్తం రాదు. 15, 20 నిమిషాల్లో ఫలితం. దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది, ఉత్త ద్రావణం పెట్టిన చుక్క కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే పాజిటివ్.

టెస్టుకు దాదాపు వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపాలి, లేకపోతే ఉబ్బాల్సినది కూడా ఉబ్బదు. ఎప్పుడు ఆపాలో డాక్టర్ గారినే అడగండి. ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పిల్లికూతలు ఉన్న రోజు ఈ టెస్ట్ చేయరు. మందులు ఆపలేని పిల్లలకు రక్తంలో చూసే ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) టెస్ట్ ఉంది. కుందేలు, గినీ పిగ్ లాంటివి చుక్కల పెట్టెలో లేకపోతే అవీ రక్తంలో చూడొచ్చు.

ఇంకో మాట. టెస్ట్ పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బు అని కాదు, నెగెటివ్ అయితే జీవితాంతం రాదని కాదు. పిల్లకు ఏం జరిగింది, టెస్ట్ ఏం చెప్పింది, రెండూ కలిపి చూడాలి.

సత్యనారాయణపురం_అమ్మ | జనవరి 20, రాత్రి 9:30

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అక్కకు ఫోన్ చేసి అడిగాను. కుందేళ్ల కింద వరిగడ్డే, పైన గరిక. మా డాక్టర్ గారి దగ్గర టెస్టుకు తేదీ తీసుకున్నాం. హామ్‌స్టర్ సంగతి ఎవరైనా చెప్తారా? చిన్నది కదా, అలర్జీ కూడా తక్కువ ఉంటుందని మా ఆయన ఆఫీసులో ఒకరు అన్నారట.

గన్నవరం_పశువైద్యం | జనవరి 21, ఉదయం 7:10

చిన్నదైతే గూడు చిన్నది, పొట్టు తక్కువ, అంతవరకు నిజం. కానీ చిన్న జాతి హామ్‌స్టర్ కరిచాక దాని లాలాజలం వల్ల ప్రాణం మీదికి వచ్చేంత రియాక్షన్ వచ్చిన కేసులను జపాన్ వైద్యులు రాశారు. అరుదే, కానీ ఆయాసం ఉన్న పిల్ల కాబట్టి చెప్తున్నాను. రెండోది, హామ్‌స్టర్ పగలు నిద్రపోయి రాత్రి తిరుగుతుంది. పిల్ల ఆడుకుందామని పగలు లేపితే కరుస్తుంది. బతికేది రెండు మూడేళ్లు. గినీ పిగ్ ఐదు నుంచి ఏడేళ్లు. కుందేలు బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు, అంటే మీ పాప డిగ్రీ చదివేదాకా.

కొరిటెపాడు_శ్రీను | జనవరి 21, రాత్రి 9:15

కొనే ముందు ఇవి చూసే డాక్టరును వెతికి పెట్టుకోండి. కుక్కలకు, గేదెలకు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, వీటికి తక్కువ. మా గినీ పిగ్‌కు జలుబు చేస్తే దగ్గర్లో ఒకరు అమోక్సిసిలిన్ సిరప్ నోట్లో వేయమన్నారు. మూడో రోజుకు విరేచనాలు, ఐదో రోజు పొద్దున లేచేసరికి లేదు. మా అమ్మాయి దాన్ని తన పాత స్వెటర్‌లో చుట్టి మామిడి చెట్టు కింద పెట్టించింది.

గన్నవరం_పశువైద్యం | జనవరి 21, రాత్రి 9:42

చాలా బాధాకరం శ్రీను గారూ. పెన్సిలిన్, అమోక్సిసిలిన్ జాతి మందులు గినీ పిగ్, కుందేలు, హామ్‌స్టర్‌లకు నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చి విషం పుడుతుంది. ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన సిరప్ మిగిలితే వీటికి వేసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు. ఇంకో గుర్తు: కుందేలు గాని గినీ పిగ్ గాని పూట తినకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దాం అనుకోకండి. సగం రోజు దాటితే ఎమర్జెన్సీ.

అలర్జీ వేరు, తామర వేరు. పిల్ల చేతి మీద గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా మచ్చ వస్తే అది అలర్జీ కాకపోవచ్చు. ఈ జంతువుల ఒంటి మీది ఫంగస్ మనకు అంటుకుంటుంది. అప్పుడు ఇద్దరికీ వైద్యం చేయాలి.

సత్యనారాయణపురం_అమ్మ | ఫిబ్రవరి 8, సాయంత్రం 5:40

టెస్ట్ అయింది. పాప కదలకుండా కూర్చుంది. నర్సు గారు చేతి మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క పెట్టారు. పది నిమిషాలకే మూడో అంకె దగ్గర తెల్లగా ఉబ్బి చుట్టూ ఎర్రబడింది. "అమ్మా, ఇది కుందేలా?" అని అడిగింది. కాదమ్మా, మన పరుపులో ఉండే కంటికి కనపడని పురుగు అని డాక్టర్ గారు చెప్తే నా వంక చూసింది. ఇంటి దుమ్ములోని మైట్లు 9 మిల్లీమీటర్లు. బొద్దింక 5. గరిక పుప్పొడి 5. కుందేలు, గినీ పిగ్ చుక్కలు అక్కడ లేవు, రక్తం తీసి పంపారు.

ఆ రిపోర్టు ఇవాళ వచ్చింది. కుందేలు 1.2. గినీ పిగ్ 0.35 కంటే తక్కువ. 0.35 దాటితే పాజిటివ్ అట.

అంటే కుందేలుకు నిజంగానే ఉంది. గరికకూ ఉంది. భోగి నాడు రెండూ కలిసి ఒళ్లో కూర్చున్నట్టు అయింది. కుందేలు వద్దమ్మా అని చెప్పాను. ఏడ్చింది, నేను కూడా ఆపుకోలేకపోయాను. మా ఆయన వచ్చి ఏమీ అనకుండా పక్కన కూర్చున్నారు.

గుంటూరు_నర్సక్క | ఫిబ్రవరి 8, రాత్రి 8:30

కష్టమైన మాట, కానీ మీరు సరిగ్గా చెప్పారు. జంతువు తెచ్చినా తేకపోయినా ముందు ఆ 9 మిల్లీమీటర్ల సంగతి చూడండి. పరుపుకు, దిండ్లకు జిప్ ఉన్న మైట్ కవర్లు వేయండి. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. విజయవాడ గాలిలో తేమ ఎక్కువ, మైట్లకు అదే కావాలి. వేసవిలో వాటర్ కూలర్ పెడితే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. పొడి చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి, ఆ సమయంలో పాప వేరే గదిలో ఉండాలి. గాలి శుభ్రం చేసే యంత్రంలోని హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల దుమ్మును 99.97 శాతం పడుతుంది. కానీ గాల్లో తేలేదాన్నే పడుతుంది, పరుపులో కూర్చున్నదాన్ని కాదు. డబ్బు తక్కువుంటే ముందు కవర్లు కొనండి.

బ్రాడీపేట_గినీ | ఫిబ్రవరి 9, ఉదయం 6:40

పాపను మా ఇంటికి తీసుకురండి. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు. డాక్టర్ గారు సరే అంటేనే. ఇన్‌హేలర్ వెంట తెచ్చుకోండి. ఫుల్ చేతుల గౌను వేయండి, ఎందుకంటే వాటి గోళ్లు గీరుకుంటేనే చర్మం ఎర్రబడి అలర్జీలా కనిపిస్తుంది.

మా దగ్గర ప్రస్తుతం ఏడున్నాయి. మొదట కొన్న రెండూ ఆడవే అని అమ్మారు, వాటిలో ఒకటి మగది. గినీ పిగ్ ఆడపిల్ల నెల వయసుకే చూలు కట్టగలదు, కట్టిన రెండు నెలలు దాటగానే ఈనుతుంది. పిల్లలు పుట్టేటప్పుడే కళ్లు తెరిచి, ఒళ్లంతా బొచ్చుతో పుడతాయి. మగవాటిని వేరు చేశాను. ఈ పిల్లల్లో రెండు ఆడవాటికి మంచి ఇల్లు కావాలి. ఒక్కటిగా ఇవ్వను, ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటాయి.

సత్యనారాయణపురం_అమ్మ | మార్చి 16, రాత్రి 9:05

మూడుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి గంట. వాళ్లు ఫ్రిజ్‌లోంచి కొత్తిమీర కవరు తీయగానే, ఆ చప్పుడుకు గూట్లోంచి "వీక్, వీక్" అని ఈల. పాప ఒక్కసారి ఉలిక్కిపడి తర్వాత నవ్వింది. ఒకటి వచ్చి తన వేళ్ల మధ్య నుంచి క్యాప్సికం ముక్క లాక్కుంది. తుమ్ము లేదు, కళ్లు ఎర్రబడలేదు.

రెండోసారి దారిలోనే దగ్గు. మిర్చి యార్డు వైపు నుంచి వెళ్లాం, సీజను కదా, టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు వరసగా ఉన్నాయి. కారు అద్దాలు వేసుకునేసరికే ముగ్గురికీ గొంతు మంట. ఆ రోజు లెక్కలోకి తీసుకోలేదు, ఇంట్లోకి కూడా వెళ్లకుండా గేటు దగ్గరే పలకరించి వచ్చేశాం.

మూడోసారి రెండు గంటలు. అప్పుడు మాత్రం గరిక కట్ట విప్పుతుంటే పక్కనే నిలబడింది, నాలుగు తుమ్ములు. అవతలి గదికి వెళ్లాక ఆగిపోయాయి.

బ్రాడీపేట_గినీ | మార్చి 17, ఉదయం 6:20

గరిక మానాల్సిన పని లేదు, అది వాటికి మంచి మేత. కంకి రాకముందు లేతగా ఉన్నదే కోసి, కడిగి, తడిగానే పెట్టండి. ఎండుగడ్డి తప్పదు, పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, నమిలితేనే అరుగుతాయి. దాన్ని డాబా మీద దులిపి, కొద్దిగా నీళ్లు చిలకరించి గూట్లో వేయాలి, చాలాసేపు తడిగా ఉంచితే బూజు పడుతుంది. ఈ పని పాప చేయకూడదు. క్యాప్సికం రోజూ తప్పనిసరి. మనలాగే వాటి ఒళ్లు కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు.

గూడు పాప పడుకునే గదిలో పెట్టొద్దు. మూత్రం ఎండి పొడి కాకముందే దుప్పట్లు మార్చాలి, మార్చేవాళ్లు మాస్క్ పెట్టుకోవాలి. పాప ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్లు నలుపుకోకూడదు.

ఇప్పుడు మాత్రం తీసుకెళ్లకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు కదా, విజయవాడలో 45 డిగ్రీల ఎండ. వీటికి చెమట పట్టదు, 30 దాటితేనే ఇబ్బంది. మా ఇంట్లో వేసవంతా తడి గోనెపట్టా, పక్కకు పడుకోబెట్టిన మట్టి కుండ, గుడ్డలో చుట్టిన ఐస్ బాటిల్, ఇన్వర్టర్ మీద ఫ్యాను. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య ఆ ఎండ తట్టుకోలేవు. వానలు పడ్డాక రండి.

సత్యనారాయణపురం_అమ్మ | జూలై 6, రాత్రి 9:20

నిన్న తెచ్చుకున్నాం. రెండూ.

డాక్టర్ గారు పెట్టిన షరతు ఒక్కటే. ఎంత బలంగా ఊపిరి వదలగలదో చూపే పీక్ ఫ్లో మీటర్‌లో పొద్దున, సాయంత్రం ఊది అంకె రాయాలి. తెచ్చే ముందు రెండు వారాలు రాశాం, 210కి 220కి మధ్య ఉంది. ఐదో వంతు పడిపోతే, లేదా రాత్రి దగ్గుతో లేస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు. అలా జరిగితే వెనక్కి తీసుకుంటానని బ్రాడీపేట అక్క ముందే మాట ఇచ్చారు. పాపకు కూడా ఆ సంగతి చెప్పే తెచ్చాం, దాచలేదు.

గూడు హాలులో కిటికీ పక్కన. గడ్డి పని మా ఆయనది, డాబా మీద మాస్క్ పెట్టుకుని దులుపుతున్నారు. దుప్పట్లు నావి. క్యాప్సికం కోసేది మా అత్తగారు. పాప పని నీళ్ల సీసా నింపడం, అంకెలు రాయడం. ఇవాళ పొద్దున 215, సాయంత్రం 220.

సింగ్‌నగర్_వాణి | జూలై 6, రాత్రి 9:48

చాలా సంతోషం అమ్మా. ఫోటో పెట్టండి.

గుంటూరు_నర్సక్క | జూలై 7, ఉదయం 7:00

శుభం. ఒక్క మాట. రక్తంలో ఇప్పుడు లేదు కాబట్టి నిశ్చింత అనుకోకండి. కొత్త అలర్జీ రోజూ కలిసి ఉండగా ఉండగా, నెలలకు, ఒక్కోసారి ఏడాదికి పుడుతుంది. అంకెలు నెల రాసి ఆపేయకండి, చలికాలం దాటేదాకా రాయండి.

సత్యనారాయణపురం_అమ్మ | జూలై 7, రాత్రి 8:15

రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాం అక్కా. పొద్దున 215, సాయంత్రం 215. తుమ్ములు రెండు, పక్కింటివాళ్లు గోడ గీకుతున్నప్పుడు.